ఖాళీగా రాని బండి

2024 దీపావళికి మేమూ మా యింటావిడా అమెరికాలో ఉన్న మా తమ్ముడి ఇంటికి వెళ్ళివచ్చిన సంగతి పొన్నేరిలో మనవాళ్ళందరికీ తెలిసిందే. ఏం చూచారని అడిగినవారికి అప్పటికప్పుడు తోచింది చెబుతూ వచ్చాము గాని, కూర్చుని వ్రాసింది లేదు. ఆ దేశపు మేడలను గురించీ, అంగళ్ళను గురించీ మన పత్రికలోనే ఇదివరకు కొందరు వ్రాశారు. మళ్ళీ మేము వ్రాస్తే చర్వితచర్వణమవుతుంది. మా మనసుకు పట్టింది ఒక సరుకుల బండి. దానిని గురించి మాత్రమే వ్రాస్తాము.

సరుకుల బండిని చూడడానికి అంత దూరం పోవాలా అని నవ్వవచ్చు. ఇరవై రెండేళ్ళుగా చెన్నై రేవు దగ్గర ఒక క్లియరింగ్ ఆఫీసులో గుమాస్తాగిరీ చేస్తున్నవారి కళ్ళు ఎక్కడికి పోయినా సరుకుమీదనే పడతాయి. ఓడ దిగిన కంటైనరులో సరుకు దించడంతో మా పని తీరదు. ఖాళీ పెట్టె మళ్ళీ యార్డు చేరాలి. గడువు దాటితే రోజుకింత అని దండుగ. అందుచేత, సరుకు చేరిందా అని లోకమంతా అడుగుతుంటే, పెట్టె తిరిగి వచ్చిందా అని మేము అడుగుతుంటాము. లారీ షెడ్డులో చూడండి, రిటర్న్ లోడు దొరికిన డ్రైవరు నడకే వేరుగా ఉంటుంది.

ఇంట్లో మా అమ్మదీ ఇదే లెక్క. తమ్ముడు అమెరికా వెళ్ళి తొమ్మిదేళ్ళు. వెళ్ళిన రెండో ఏట ఒక్కసారి వచ్చాడు, అంతే. ఆ తర్వాత ఆ వైపు పోయేవారు ఎవరు కనబడినా అమ్మ ఒక స్టీలు డబ్బా నిండా సున్నుండలో కారప్పూసో పెట్టి పంపుతూ వచ్చింది. డబ్బా మీద మా నాన్నగారి పేరు చెక్కించి ఉంటుంది. పక్కింటినుంచి గిన్నెలో కూర వస్తే ఆ గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని మనకు ఆచారం గదా. గుప్పెడు పంచదార అయినా వేసి ఇస్తాము. అమెరికా పోయిన డబ్బాలు నిండుగా రావడం మాట అలా ఉంచండి, ఖాళీగానైనా రాలేదు. మేము బయలుదేరేనాటికి పోయినవి ఆరు. ఏడోదాన్ని మా పెట్టెలో సర్దుతూ, "డబ్బాల సంగతి కనుక్కో. వాడి సంగతీ కనుక్కో" అన్నది అమ్మ.

దోహా, మయామీల మీదుగా ప్రయాణం. తమ్ముడు ఉండేది ఫ్లోరిడా రాష్ట్రంలో ఆర్లాండో అనే ఊళ్ళో. దీపావళి ముచ్చట్లు వ్రాయబోవడం లేదు. మరదలు చేసిన బూరెలు మాత్రం మెచ్చుకోకుండా ఉండలేము. నవంబరు 3 ఆదివారం తెల్లవారేసరికి ఇంట్లో గడియారాలన్నీ ఒక గంట వెనక్కి తిరిగి ఉన్నాయి. చలికాలానికి ఆ దేశంలో చాలాచోట్ల అలా తిప్పుకుంటారట. ఒక గంట ఎక్కువ పడుకోవచ్చని రాత్రే చెప్పలేదేమని మా యింటావిడ మరదలిమీద నిష్ఠూరమాడింది. ఆ సాయంత్రం తమ్ముడు, "అన్నయ్యా, రేపు రాత్రి తొమ్మిదిన్నరకు అంతరిక్ష కేంద్రానికి సరుకు పోతోంది, చూద్దామా?" అన్నాడు. సరుకు అన్న తర్వాత మేము కాదంటామా?

సోమవారం పొద్దున్నే బయలుదేరాము. కారులో గంట ప్రయాణం. సముద్రం దగ్గరపడుతున్నకొద్దీ మాకు వింతగా తోచింది. కొత్త చోటికి పోతున్నట్టు లేదు, పొన్నేరినుంచి పళవేర్కాడుకు పోతున్నట్టున్నది. పటాల్లో పులికాట్ అని ఉంటుందే, అదే. ఇక్కడి నీటిపేరు ఇండియన్ రివర్. అది నదీ కాదు, ఆ ఇండియన్లు మనమూ కాము. సముద్రానికి సమాంతరంగా మైళ్ళ తరబడి పరుచుకున్న ఉప్పునీటి సరస్సు. దాని కవతల తుప్పలతో నిండిన పల్లపు దీవి. ఆ దీవి కవతల అసలు సముద్రం. రాకెట్లు లేచేది ఆ దీవిమీదనుంచి. మనకు పళవేర్కాడు సరస్సు కవతల శ్రీహరికోట ఎలా ఉన్నదో అలాగే. ఒడిస్సాలో ఉన్న మన పాఠకులు చిలకను తలచుకుంటే చాలు.

ఈ పోలిక కాకతాళీయం కాదు. భూమి పడమటినుంచి తూర్పుకు తిరుగుతుంది గనుక రాకెట్టును తూర్పుకు వదిలితే ఆ వేగం ఉచితంగా కలిసివస్తుంది. ఏదైనా విరిగి పడినా ఊళ్ళమీద పడకుండా తూర్పున సముద్రం ఉండాలి. ఇటువైపు జనం చొరబడకుండా ఒక నీటి కందకం ఉంటే మరీ మంచిది. అమెరికావారు 1950 జూలైలో ఈ తీరాన మొదటి రాకెట్టు లేపారు. మనవారు శ్రీహరికోటలో 1971లో మొదలుపెట్టారు. రాకెట్ల చుట్టూ మనుషులను ఉండనివ్వరు గనుక రెండుచోట్లా పక్షులు బాగుపడ్డాయి. పళవేర్కాడులో రాజహంసలు, ఇక్కడ గూడబాతులు, గరిటెముక్కు గులాబీ కొంగలు. 1963 నుంచి ఇది పక్షుల అభయారణ్యం కూడా. రెండుచోట్లా కొందరిని లేవగొట్టక తప్పలేదు. శ్రీహరికోటనుంచి యానాదులు కదిలారు. ఇక్కడ నారింజతోటల మధ్య ఉన్న చిన్న చిన్న ఊళ్ళు లేచిపోయాయి. తోటల ఆనవాళ్ళు మాత్రం అక్కడక్కడ మిగిలాయి.

పగలంతా కెన్నెడీ కేంద్రంలోని ప్రదర్శనశాలలు చూచాము. టిక్కెట్టు ధర మన రూపాయల్లో ఎంతో తమ్ముడు చెప్పలేదు. చెప్పి ఉంటే మా యింటావిడ గేటు దగ్గరే వెనక్కి తిరిగేది. అక్కడ అట్లాంటిస్ అనే షటిల్ విమానాన్ని ఒక పక్కకు వాల్చి, వీపు తలుపులు తెరిచి నిలబెట్టారు. 33 సార్లు పోయివచ్చిన విమానమది. దాని వీపులో మన లారీ తొట్టిలాంటి పెద్ద గుంట. 2011 జూలైలో ఆఖరుసారి పోయినప్పుడు ఆ గుంటలో ఇటలీలో తయారైన ఒక పెద్ద డబ్బాను పెట్టుకొని పోయింది. డబ్బా నిండా కేంద్రంలోనివారికి ఏడాదికి సరిపడే సామాన్లు. అక్కడ డబ్బాను తగిలించి, సామాను దించి, పాడైన యంత్రాలూ అక్కరలేనివీ అందులో నింపి, మళ్ళీ వీపున వేసుకొని దిగివచ్చింది. మాకు ఆ డబ్బా కథ వినగానే ప్రాణం లేచివచ్చింది.

అదే భవనంలో తిరిగి రానివారి స్మృతిచిహ్నాలూ ఉన్నాయి. 1986లో ఏడుగురు, 2003లో ఏడుగురు. మన కల్పనా చావ్లా ఆ రెండో ఏడుగురిలో ఒకరు. కొలంబియా అన్ని పనులూ ముగించుకొని, ఇంకొక పదహారు నిమిషాల్లో ఇదే ఊళ్ళో దిగబోతూ ఆకాశంలో ముక్కలైంది. అక్కడ ఎవరూ మాట్లాడడం లేదు. తమ్ముడి కూతురు, ఏడేళ్ళది, "పెద్దనాన్నా, పోవడం కంటె రావడం కష్టమా?" అని అడిగింది. కష్టమేనమ్మా అన్నాము.

ఎందుకు కష్టమో తర్వాతి శాలలో కంటికి కనబడింది. అక్కడ ఒక సరుకు నౌక ఉన్నది. దాని పేరు డ్రాగన్; స్పేస్ఎక్స్ అనే సంస్థ చేసినది. 2012 మేలో అంతరిక్ష కేంద్రానికి పోయివచ్చినది ఇదే. ఒక ప్రైవేటు సంస్థ నౌక అక్కడికి చేరడం అదే మొదలు. ఆకారం గుడిగంటలా ఉంటుంది. పోయేటప్పుడు తెల్లనిది, వచ్చేసరికి పొంగలి మాడిన గిన్నెలా గోధుమరంగు చారలు పడి ఉన్నది. కేంద్రం భూమికి దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున గంటకు 28,000 కిలోమీటర్ల వేగంతో తిరుగుతూ ఉంటుంది. అక్కడినుంచి బయలుదేరిన నౌకకూ అదే వేగం. ఆ వేగమంతా గాలిని రాచుకుంటూ పోగొట్టుకోవాలి. ఆ రాపిడికి అడుగున పుట్టే వేడి ఇనుమును కరిగించేటంత ఉంటుంది. అడుగున ఒక దళసరి కవచం తాను కాలుతూ లోపలి సరుకును కాపాడుతుంది. కిందికి వచ్చేసరికి గొడుగులు విచ్చుకొని, సైకిలు వేగానికి కాస్త మించి, సముద్రంలో దిగుతుంది. ఓడ కాచుకొని ఉండి ఎత్తుకుంటుంది.

ఇంత తాపత్రయం అందరూ పడరు. రష్యావారి ప్రోగ్రెస్ నౌకలు 1978 నుంచీ సరుకు మోస్తున్నాయి. అమెరికాలోనే సిగ్నస్ అని మరొక రకం ఉన్నది. జపానువారిది ఒకటి 2009 నుంచి 2020 వరకు నడిచింది. ఇవన్నీ సరుకు దించి, చెత్తా చెదారం నింపుకొని, గాలిలో పడి కాలిపోతాయి. పెళ్ళివారింటి ఎంగిలి విస్తళ్ళ బండి లాంటివి; వాటి పనీ అవసరమే. అయితే పెట్టె బూడిద. షటిళ్ళు 2011లో ఆగిన తర్వాత దాదాపు పది నెలలు ఆ కేంద్రంనుంచి ఏ వస్తువు కిందికి రావాలన్నా, మనుషులు కూర్చుని వచ్చే సోయూజులో సీట్ల సందున పట్టినంతే వచ్చింది. అంటే, పైన ఎంత గొప్ప పరీక్ష చేసినా ఆ శాంపిలు కింది వైద్యులకు అందే దారి సన్నగిల్లిపోయింది. డ్రాగన్ వచ్చాకనే రిటర్న్ లోడు మళ్ళీ మొదలైంది.

దీని బాల్యమూ నల్లేరుమీద బండి కాదు. 2015 జూన్ 28న ఏడో సరుకుతో లేచిన రెండు నిమిషాల చిల్లరకే రాకెట్టు పేలిపోయింది. అంతకు ముందు 2014 అక్టోబరులో సిగ్నస్, 2015 ఏప్రిల్లో ప్రోగ్రెస్ పోయాయి. ఎనిమిది నెలల్లో మూడు బండ్లు! పైనున్నవారి కొట్టులో నిలవ సరుకు లేకపోతే ఏమయ్యేదో. విశేషమేమంటే, ఆనాడు రాకెట్టు పేలినా డ్రాగన్ పెట్టె చెక్కుచెదరలేదు. పడుతూ కూడా కబుర్లు పంపుతూనే ఉన్నది. దిగేటప్పుడు గొడుగు తెరవమని నేర్పారు గాని, పోయేటప్పుడు ప్రమాదం వస్తే తెరవమని నేర్పలేదు. నిక్షేపంలాంటి పెట్టె నీటిమీద పడి పగిలిపోయింది. తర్వాత ఆ పాఠం నేర్పారట. ఏ ఆఫీసులోనైనా ఇంతే, సర్క్యులరు నష్టం తర్వాతే వస్తుంది.

2017 జూన్లో, ఒకసారి పోయివచ్చిన పెట్టెనే బాగుచేసి మళ్ళీ పంపారు. 2020 చివరినుంచి కొత్తరకం డ్రాగన్లు వచ్చాయి. వీటిలో సరుకు కోసం చేసినవి మూడే మూడు. మనుషులను తీసుకుపోయే డ్రాగన్లకు ఎండీవర్, ఫ్రీడం అని చక్కని పేర్లు పెట్టారు. సరుకువాటికి ఒట్టి నంబర్లు! మన జి.ఎన్.టి. రోడ్డు మీద లారీకైతే నంబరుతోబాటు 'అమ్మ దీవెన' అనైనా వ్రాసి ఉంటుంది గదా అని మాకు కొంచెం కష్టం తోచింది. ఆ రాత్రి మేము చూడబోయేదాని నంబరు 208. అంతకుముందు 2020 డిసెంబరు, 2021 ఆగస్టు, 2022 జూలై, 2023 జూన్ నెలల్లో పోయివచ్చినది. ఇది అయిదో ట్రిప్పు. మొదటి ట్రిప్పు రిటర్న్ లోడులో, 2021 జనవరిలో, ఒక డజను ఫ్రెంచి ద్రాక్షసారా సీసాలు కూడా దిగాయట. పైన ఏడాదికిపైగా ఉంచితే రుచి మారుతుందేమోనని పరీక్ష. పరీక్షించినవారి పని బాగున్నది.

సాయంత్రం టైటస్‌విల్ అనే చిన్న ఊరికి వచ్చాము. అక్కడ సరస్సుమీద ఎత్తయిన వంతెన ఉన్నది. మడత కుర్చీలు, దుప్పట్లు, పిల్లలు, ముసలివారు. మన తిరునాళ్ళ జనమే. ఎదురుగా నీటి కవతల దాదాపు ఇరవై కిలోమీటర్ల దూరాన దీపాల వెలుగులో రాకెట్టు తెల్లటి అగరువత్తిలా నిలబడి ఉన్నది. 1969లో చంద్రుడి మీదికి మనుషులు బయలుదేరిన అరుగు అదేనని తమ్ముడు చెప్పాడు. నేడు అక్కడినుంచి పోతున్నది బియ్యం ఉప్పూ అని మా యింటావిడ నవ్వింది. పోయేది సుమారు 2,700 కిలోలు. తిండి, బట్టలు, మరమ్మతు సామాను, సూర్యుని చుట్టూ ఉండే వెలుగు వలయాన్ని కొలిచే ఒక పరికరం. వాటితోబాటు జపానులో క్యోటో విశ్వవిద్యాలయంవారు చేసిన చెక్క ఉపగ్రహం. జానెడు కూడా లేని చెక్కపెట్టె. మేకూ జిగురూ లేకుండా వారి పాతకాలపు వడ్రంగం పద్ధతిలో అతికినది. లోహపు ఉపగ్రహం పడిపోయేటప్పుడు లోహపు పొడి గాలిలో మిగులుతుంది, చెక్కయితే కాలిపోతుందని వారి ఆలోచన. మన ఏటికొప్పాక వడ్రంగులకు చూపిస్తే సంతోషిస్తారు.

ఆ కేంద్రానికి అప్పుడు పెద్ద సునీతా విలియమ్స్. ఆమె జూన్లో ఎనిమిది రోజుల పనిమీద పోయింది. తీసుకుపోయిన నౌకలో లోపాలు కనబడడంతో, సెప్టెంబరులో ఆ నౌకను ఖాళీగా దింపేశారు. ఆమె అక్కడే ఉండిపోయింది. మనిషి పైన, బండి కింద! చివరికి 2025 మార్చి 18న మరొక డ్రాగన్లో దిగింది. ఆ రాత్రికి మాత్రం ఎప్పుడు వస్తుందో ఖాయంగా తెలియదు.

తొమ్మిదయ్యేసరికి గాలి చల్లబడింది. ఆడవాళ్ళు పిల్లతో కారులో కూర్చున్నారు. అప్పుడే మేము అమ్మ అడగమన్న మాట తమ్ముణ్ణి అడిగాము. వాడు చాలాసేపు నీళ్ళకేసి చూచి, "రావడానికేం అన్నయ్యా, రేపు టిక్కెట్టు కొంటే ఎల్లుండి పొన్నేరిలో ఉంటాను. మళ్ళీ ఇక్కడికి రావడమే నా చేతిలో లేదు" అన్నాడు. వాడి కాయితాలు వరసలో ఉన్నాయి. బయటికి పోయేవాణ్ణి ఎవరూ ఆపరు. లోపలికి రావాలంటే కొత్త ముద్ర పడాలి. ఆ ముద్ర నెలలో పడవచ్చు, ఆరు నెలలైనా పడకపోవచ్చు. ఈలోగా ఉద్యోగం, ఇంటి అప్పు, పిల్ల బడి. వాడితో పనిచేసే ఒకరు తండ్రి కర్మకు పోయి ఏడు నెలలు అక్కడే ఉండిపోయారట. "అమ్మకు ఇదంతా ఫోనులో ఎలా చెప్పను? రావడం లేదు అంటే రానంటున్నాడు అనుకుంటుంది" అన్నాడు. మాకేమీ తోచలేదు. కాయితాలతో బ్రతికేవాళ్ళం గనుక, ఏయే కాయితం ఎక్కడున్నదో అడిగాము. వాడు చెప్పాడు. మేము జేబులోని చీటీమీద వ్రాసుకున్నాము. అంతకంటె చేయగలిగింది ఏమున్నది?

అమ్మకు వీడియో ఫోను చేశాము. పొన్నేరిలో మరుసటి పొద్దున ఎనిమిది కావస్తున్నది. మేనల్లుడు ఫోను పట్టుకున్నాడు, అమ్మ చేతిలో కాఫీ లోటా. "ఏమిట్రా ఆ చీకట్లో నిలబడ్డారు? పిల్లకు స్వెట్టరు వేశారా?" అన్నది.

9 గంటల 29 నిమిషాలకు నీటి కవతల సూర్యోదయమయింది. అంతకంటె మరో మాట మాకు దొరకదు. చప్పుడు లేదు. సరస్సు అంచులు, దూరపు తుప్పలు, పక్కవాళ్ళ ముఖాలు నారింజరంగులో కనబడ్డాయి. రాకెట్టు పైకి పోతున్నది, చప్పుడు మాత్రం రావడం లేదు. దాదాపు నిమిషానికి వచ్చింది. చెవికంటె ముందు వంతెన కమ్మీ చేతికింద వణికింది. తర్వాత గుండెలో. శ్రీహరికోట రాకెట్లు మా మిద్దెమీదనుంచి ఎన్నో చూచాము. కిటికీలు గడగడమనడమూ ఎరుగుదుము. ఇంత దగ్గరగా నిలబడడం ఇదే మొదలు. ఫోనులో అమ్మ, "అదుగో, అదుగో" అంటున్నది. అక్కడనుంచి ఆమెకు ఏం కనబడిందో!

రెండున్నర నిమిషాలకు కింది భాగం విడిపోయింది. జనం కదలలేదు. ఎనిమిదో నిమిషం దగ్గరపడుతుండగా కుడివైపు చీకట్లోనుంచి ఒక నిప్పు నిటారుగా దిగసాగింది. పడడం కాదు, దిగడం. నేలదాకా వచ్చి ఆరిపోయింది. ఏమయిందో అనుకునేలోగా ఫిరంగి పేల్చినట్టు రెండు చప్పుళ్ళు. వెనక్కి వచ్చిన రాకెట్టు కేప్ కెనావరల్‌లో తన అరుగుమీద నిలబడిందన్నమాట. వంతెనంతా చప్పట్లు. మా తమ్ముడు పిల్లను భుజంమీద ఎక్కించుకొని నవ్వుతున్నాడు. వాడు అలా నవ్వగా చూచి చాలా కాలమయింది.

మర్నాడు ఉదయం 9 గంటల 52 నిమిషాలకు నౌక కేంద్రాన్ని చేరడం ఇంట్లో టీవీలో చూచాము. పాతరకం డ్రాగన్‌ను కేంద్రంలోనివారు యంత్రపు చేతితో పట్టుకోవలసివచ్చేది. ఇది తనంత తానే వచ్చి తగులుకుంటుంది. రెండూ గంటకు 28,000 కిలోమీటర్లు పోతున్నవే గాని, ఒకదానికొకటి దగ్గరయ్యేది చంటిబిడ్డ పాకినంత మెల్లగా. నవంబరు 8న ఆ నౌకే తన ఇంజన్లు పన్నెండున్నర నిమిషాలు వేసి కేంద్రాన్ని కొంచెం పైకి నెట్టింది. సరుకు తెచ్చినవాడు ఇంటి దూలాన్ని కూడా ఒక పట్టు పట్టినట్టు.

టీవీ కట్టేసి మరదలు వంటింట్లోకి పిలిచింది. అల్మరాలో వరసగా ఆరు డబ్బాలు, మా నాన్నగారి పేరు ఆరు చోట్ల. కందిపప్పు, మినప్పప్పు, రవ్వ, చింతపండు... "అత్తయ్యగారి డబ్బాలు పంపేస్తే ఈ ఇంట్లో మనవి అనేవి ఏముంటాయి బావగారూ" అన్నది. మేము డబ్బాల లెక్క అడగడానికే వచ్చినవాళ్ళము, నోరు పెగలలేదు. చివరికి ఆమే నాలుగు ఖాళీ చేసింది. పెకాన్ అనే అక్కడి పప్పుగింజలు రెండింటిలో, బాదం ఒకదానిలో, నాలుగోదానిలో పిల్ల స్వయంగా చేసిన బిస్కత్తులు.

ఈ తిరిగివచ్చే నౌకల గొప్ప చెప్పినవారము లోటూ చెప్పాలి. ఇదంతా పూర్తిగా తిరిగి వచ్చే బండి కాదు. రాకెట్టు పైభాగం ఒక్కసారికే. నౌక కింద తొట్టిలాంటి భాగం ఉంటుంది. దాన్నీ దిగేముందు వదిలేస్తారు. అదంతా కాలిపోతుందనుకున్నారు గాని, మనుషుల డ్రాగన్ల తొట్టి ముక్కలు 2022లో ఆస్ట్రేలియా పొలాల్లోనూ, 2024లో అమెరికాలోనే నార్త్ కరోలినాలోనూ దొరికాయి. అందుకని 2025 నుంచి డ్రాగన్లను అటువైపు కాలిఫోర్నియా సముద్రంలో దింపుతున్నారు. తొట్టిని జనంలేని సముద్రంమీద పడేటట్టు వదలడానికి వీలుంటుందని. సరుకు నౌకల్లో మే నెలలో మొదట అలా దిగింది. మేము చూచిన 208 మాత్రం 2024 డిసెంబరు 17న ఫ్లోరిడా తీరంలోనే దిగింది. సరుకు డ్రాగన్ ఆ తీరాన దిగడం అదే ఆఖరు. అప్పటికి మేము పొన్నేరిలో ఉన్నాము. తమ్ముడు ఫోనులో, "దిగింది అన్నయ్యా, నిండుగా వచ్చింది" అన్నాడు.

అమ్మ డబ్బాలు నాలుగూ మూత తీసి చూచి, బిస్కత్తు ఒకటి నోట్లో వేసుకొని, "ఇంకా మూడు రావాలి" అన్నది. వాడు చెప్పిన సంగతంతా మా చీటీ చూస్తూ మేము చెప్పాము. ముద్ర, వరస, ఉద్యోగం అన్నీ. ఆమె విన్నది. అర్థమయిందో లేదో గాని, ఆ తర్వాత వాణ్ణి ఎప్పుడొస్తావని ఫోనులో అడగడం మానేసింది. పిల్ల ఏం తిన్నదని అడుగుతున్నది. ఎనిమిదో డబ్బా మాత్రం కొనలేదు.

మన పాఠకుల్లో పిల్లలు ఆ దేశంలో ఉండి, ఆ వైపు పోయేవారుంటే ఒకటి రెండు మాటలు. ఆ వంతెనమీదికి టిక్కెట్టు లేదు. రాకెట్టు పోతుందన్న రోజున పోకపోవచ్చు; ఒక రోజు చేతిలో ఉంచుకొని వెళ్ళండి. సరస్సు ఒడ్డున దోమలు మన పళవేర్కాడు దోమలకు తీసిపోవు. చప్పుళ్ళు వినబడేదాకా కదలకండి. సగం జనం ముందే వెళ్ళిపోయి అసలైనదాన్ని పోగొట్టుకుంటారు. తిరుగుదారిలో కార్లు కదలవు. గంట దారికి మాకు మూడు గంటలు పట్టింది. పులిహోర కట్టుకుపోయాము గనుక బ్రతికాము.